ఉమ్మత్‌ను ‘ముస్లిం జాతి’ అని రాయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ మసీదులో ప్రతి శుక్రవారం ఖుత్బా (నమాజు వేళ ఇచ్చే ప్రసంగం) సారాంశాన్ని తెలుగులో రాసి బోర్డుకు అంటిస్తున్నారు. ‘ఉమ్మత్’ అని, మామూలుగా ముస్లింలందరినీ కలిపి చెప్పే అరబ్బీ మాట, వచ్చిన ప్రతిచోటా ‘ముస్లిం జాతి’ అని రాస్తూ వచ్చారు. ఒక పెద్దాయన అది తప్పన్నారు. ఇంకొకాయన, మదీనాలో మొదట్లో యూదులు కూడా ఉమ్మత్‌లోనే ఉండేవాళ్ళని ఎక్కడో చదివి చెప్పారు. మూడో ఆయన ఇవన్నీ ఈ మధ్య పుట్టించిన అర్థాలు, వాటి జోలికి పోవద్దన్నారు. ఇప్పుడు ఎవరి మాట పట్టుకోవాలని అడిగారు.

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు అరబ్బీ చెప్పినవాణ్ణి, ఈ ఒక్క మాట దగ్గర ఆగి చాలా రోజులు గడిపినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. పెద్దాయన అన్నది సరైన మాట. రెండో ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, అయితే అది సగమే. మూడో ఆయన భయం నాకు తెలియనిది కాదు. కానీ ఆయన కొత్తవనుకుంటున్న అర్థాల్లో చాలా మటుకు వెయ్యేళ్ళ నాటి తఫ్సీరుల్లోనే (ఖుర్ఆన్ వ్యాఖ్యానాల్లోనే) ఉన్నాయి.

చాలా ఏళ్ళ కిందట నా దగ్గర హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లలు ఎనిమిది మంది ఉండేవాళ్ళు. ఖుర్ఆన్ మొత్తం నోటికి వచ్చు. అర్థం మాత్రం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు. ఒకరోజు అసర్ నమాజు అయ్యాక బోర్డు దగ్గర నిలబడి, “ఉమ్మత్ అనే మాట ఉన్న ఆయతులు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చదవండి, నేను రాస్తూ పోతాను” అన్నాను. మొదట ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఆలి ఇమ్రాన్ సూరా (ఖుర్ఆన్ అధ్యాయం) 110వ ఆయతు (వాక్యం) అందుకున్నారు, “ప్రజల కోసం వెలికి తీసిన ఉత్తమ ఉమ్మత్ మీరు” అనేది. వెంటనే బఖరా 143, “మిమ్మల్ని మధ్యస్థమైన ఉమ్మత్‌గా చేశాం” అన్నది. ఈ రెండూ ప్రతి జల్సాలో (మత సభలో) వినేవే గనక తడుముకోకుండా వచ్చాయి. ఆ తరవాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అందరికన్నా చిన్నవాడు సూరా ఖసస్ ఎత్తుకున్నాడు. ప్రవక్త మూసా (అ) (పేర్ల పక్కన అ, స, ర అన్నవి దీవెన మాటలకు గుర్తులు) ఈజిప్టు నుంచి పారిపోయి మద్యన్ బావి దగ్గరికి చేరే ఘట్టం, 28:23. అక్కడ ఆయనకు పశువులకు నీళ్ళు పెడుతున్న మనుషుల ‘ఉమ్మత్’ ఒకటి కనిపిస్తుంది. చదివి, ఆగి, “హజ్రత్, వీళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు కదా, ఉమ్మత్ ఎలా అవుతారు?” అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా బోర్డు మీద రాసుకున్నాను. ఆ ప్రశ్నతో మిగతావాళ్ళకు తలుపు తెరుచుకున్నట్టయింది. యూసుఫ్ (అ) కథలో చెర నుంచి విడుదలై వెళ్ళినవాడికి “ఒక ఉమ్మత్ తరవాత” ఆయన సంగతి గుర్తొస్తుంది (12:45). ఇక్కడ ఆ మాటకు కొంతకాలం అని అర్థం. సూరా హూద్ 8లోనూ అంతే. అన్ఆమ్ 38లో నేల మీద తిరిగే జంతువులూ రెక్కలతో ఎగిరే పక్షులూ “మీలాంటి ఉమ్మత్‌లే”. జుఖ్రుఫ్ 22లో మక్కావాళ్ళు “మా తాతతండ్రుల్ని ఒక ఉమ్మత్ మీద చూశాం, వాళ్ళ అడుగుజాడల్లోనే మేమూ నడుస్తున్నాం” అంటారు. అక్కడ ఉమ్మత్ అంటే మనుషులు కారు. వాళ్ళు నడిచిన బాట. చివరికి ఒక పిల్లవాడు నహ్ల్ 120 చదివాడు: ఇబ్రాహీమ్ (అ) ఒక్కరే ఒక ‘ఉమ్మత్’.

మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి బోర్డు నిండిపోయింది. ఖుర్ఆన్‌లో ఈ మాట అరవైకి పైగా చోట్ల వస్తుంది. మీరు కూడా ఒక సాయంత్రం కూర్చుని అన్నీ వరసగా చదవమని నా మొదటి సలహా. ఎవరి వ్యాఖ్యానమూ చూడకముందే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ‘ముస్లిం జాతి’ అనే అనువాదాన్ని వీటిలో చాలా చోట్ల పెడితే వాక్యం నిలబడదు. మద్యన్ బావి దగ్గర పెట్టలేరు, పక్షుల దగ్గర పెట్టలేరు, ఇబ్రాహీమ్ దగ్గర అసలే పెట్టలేరు.

ఇక ఇంత తేడా ఉన్న అర్థాలన్నీ ఒక్క మాటలో ఎలా ఇమిడాయి? అలిఫ్, మీమ్, మీమ్ ధాతువు నుంచి వచ్చే మాటలు చూడండి. ఉమ్ అంటే తల్లి. అరబ్బీలో ‘అమ్మ’ అనే క్రియ అంటే ఉద్దేశించి ఒకవైపు సాగడం, ముందు నిలిచి నడిపించడం. అమామ్ అంటే ఎదురుగా. ఇమామ్ అంటే ముందు నిలిచేవాడు. (మన ‘అమ్మ’కు దగ్గరగా వినిపించడం యాదృచ్ఛికం. దాని మీద సిద్ధాంతాలు కట్టేవాళ్ళు కనిపిస్తుంటారు, నమ్మకండి. హీబ్రూలో ‘ఉమ్మా’ ఉంది, దానితో చుట్టరికం నిజమైనది.) కాబట్టి ఈ మాటలో ఒక వైపు తిరిగి ఉండటం, ఒకదాని వెంట నడవడం అనే భావం మొదటి నుంచీ ఉంది. ఖుర్ఆన్ పదాలకు నిఘంటువు రాసిన రాగిబ్ ఇస్ఫహానీ, ఇప్పటికి సుమారు తొమ్మిది పది శతాబ్దాల కిందటి పండితుడు, ఇచ్చిన నిర్వచనం నేను పిల్లలందరికీ కంఠతా పట్టించేవాణ్ణి: ఏదో ఒకటి కలిపి ఉంచిన ప్రతి గుంపూ ఉమ్మత్, కలిపింది ఒకే దీన్ (ధర్మం) కావచ్చు, ఒకే కాలం కావచ్చు, ఒకే చోటు కావచ్చు, ఆ కలయిక వాళ్ళు కోరుకున్నదైనా కావచ్చు, తమ ప్రమేయం లేకుండా జరిగిందైనా కావచ్చు. పక్షులూ గొర్రెల కాపరులూ ప్రవక్తల అనుచరులూ అందరూ ఆ ఒక్క వాక్యంలో పడతారు.

ఇబ్రాహీమ్ సంగతి మాత్రం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ మాట గుట్టు అక్కడే ఉందని నా నమ్మకం. తబరీ తఫ్సీరులో ఒక కథనం ఉంది. ప్రవక్త (స) సహచరుడు ఇబ్నె మస్ఊద్ ఒకసారి, “ముఆజ్ ఒక ఉమ్మత్, అల్లాహ్‌కు విధేయుడు” అన్నారు. మరో సహచరుడు ముఆజ్ బిన్ జబల్ గురించి. విన్నవాళ్ళు ఆయన ఆయతును తప్పు చదువుతున్నారనుకుని, “ఇబ్రాహీమ్ ఒక ఉమ్మత్ అని కదా ఉంది” అని సరిదిద్దబోయారు. అప్పుడాయన, ఉమ్మత్ అంటే ఏమిటో తెలుసా, జనానికి మంచి నేర్పేవాడు అన్నారు. అలాగే ఉమర్ (ర) దాయాది జైద్ బిన్ అమ్ర్ గురించిన హదీసు (ప్రవక్త మాటల కథనం). ప్రవక్త (స)కు వహీ (దైవవాణి) రాకముందే చనిపోయిన మనిషి ఆయన. విగ్రహాలను వదిలి, వాటికి బలిచ్చిన మాంసం ముట్టకుండా, ఇబ్రాహీమ్ దీన్ కోసం వెతుక్కుంటూ తిరిగాడు. ఆయన ప్రళయ దినాన ఒంటరిగానే ఒక ఉమ్మత్‌గా లేపబడతాడని ప్రవక్త (స) చెప్పారు. వెనక జనం లేరు, జమాత్ లేదు, పుట్టుకతో వచ్చిన గుర్తింపు లేదు. తిరిగి ఉన్న దిక్కు ఒక్కటే ఉంది. అయినా ఉమ్మత్ అనిపించుకున్నాడు.

ఇప్పుడు ‘జాతి’ని చూడండి. అది జన్మకు సంబంధించిన మాట. ఫలానా కడుపున పుట్టడంతో జాతి వస్తుంది, పుట్టాక మార్చుకోలేం. మీ బోర్డు చదివే తెలుగువాడి మనసులో ‘ముస్లిం జాతి’ అనగానే నెత్తురు, వంశం, పేరు, వేషం మెదులుతాయి. ఉమ్మత్‌లో వాటిలో ఏదీ లేదు. పెద్దాయన తప్పన్నది ఇందుకే అయి ఉంటుంది.

మాటలు ఇరుకు కావడం మన తెలుగులోనూ చూశాం. ‘కులం’ అనే మాట పాత కావ్యాల్లో గుంపు. మృగకులం, అళికులం అంటే జింకల మంద, తుమ్మెదల గుంపు. గురుకులంలో చేరిన పిల్లలు ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు కారు, ఒక గురువు వెనక కూడినవాళ్ళు. అదే మాట ఇవాళ ఎవరైనా “మీ కులం ఏమిటి” అని అడిగినప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ నిఘంటువు మార్చలేదు, సమాజం నడిచిన తీరు మాటను బిగించేసింది. ఉమ్మత్ విషయంలోనూ జరిగింది ఇలాంటిదే. ప్రవక్త (స) తరవాత రాజ్యం పెరిగింది, పన్నులకూ సైన్యానికీ ఎవరు లోపలివాళ్ళో ఎవరు బయటివాళ్ళో తేల్చాల్సి వచ్చింది, ఆ మాట ఒక హద్దుకు పేరుగా స్థిరపడింది. అది చరిత్ర. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ తరవాతి అర్థాన్ని తీసుకెళ్ళి ప్రతి ఆయతులోనూ పెట్టి చదవడమే తప్పంటున్నాను.

ఉలమాలు (మత పండితులు) కూడా మాటను ఒక్క అర్థానికి కట్టేయలేదు. ప్రవక్త (స) సందేశం ఎవరెవరి కోసం వచ్చిందో వాళ్ళందరూ, అంటే మానవులంతా, ‘ఉమ్మతె దావత్’. దాన్ని అంగీకరించినవాళ్ళు ‘ఉమ్మతె ఇజాబత్’. ఈ విభజన మదరసాల్లో ఇప్పటికీ చెబుతారు. ఆ లెక్కన మీ మసీదు ఎదురుగా టీకొట్టు నడిపే రామయ్య కూడా మొదటి అర్థంలో ముహమ్మద్ (స) ఉమ్మతే. మీ మూడో మిత్రుడికి ఇది చెప్పి చూడండి, కొత్తగా పుట్టించింది అనరు.

మీరు ఆరాధన సంగతి అడగలేదు కానీ, అది లేకుండా ఈ మాట పూర్తికాదు. సూరా హజ్ 34, 67 ఆయతులు: “ప్రతి ఉమ్మత్‌కూ మేము ఒక మన్‌సక్‌ను ఏర్పాటు చేశాం.” మన్‌సక్ అంటే ఆరాధన తీరు, ముఖ్యంగా బలిచ్చే పద్ధతి. 67లో “వాళ్ళు దాన్ని పాటిస్తారు, కాబట్టి ఈ విషయంలో నీతో వాళ్ళు తగాదా పడకూడదు” అని కూడా ఉంది. అంటే ఉమ్మత్‌ను గుర్తుపట్టేది అది చేసే పనిని బట్టి. నమ్మకం లోపల ఉంటుంది, ఉమ్మత్ కంటికి కనిపించేది ఆచరణలో. ఖిబ్లా (నమాజులో ముఖం తిప్పే దిక్కు) మారిన సందర్భం చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. “మధ్యస్థమైన ఉమ్మత్” అనే ఆయతు ఎక్కడుందో గమనించండి. సరిగ్గా బైతుల్ మఖ్దిస్ (జెరూసలేం) నుంచి కాబా వైపు ముఖం తిప్పుకొమ్మన్న ఆజ్ఞ నడుమ ఉంది. అయిదు ఆయతులు దాటగానే 148లో “ప్రతి ఒక్కరికీ ఒక దిశ ఉంది, అటు ముఖం తిప్పుతారు, మీరు మంచి పనుల్లో పోటీపడండి” అని వస్తుంది. ధాతువులో ఉన్న ‘ఒకవైపు సాగడం’ అనే భావం ఇక్కడ నమాజు సఫ్‌లో (వరసలో) కళ్ళకు కడుతుంది. మీ మసీదులో భుజం భుజం కలిపి నిలబడ్డ వరసను ఒకసారి ఈ ఆయతు మనసులో పెట్టుకుని చూడండి.

మాయిదా 48 కూడా ఇదే దారిలోది. ఒక్కొక్కరికి ఒక షరీఅత్, ఒక మార్గం ఇచ్చామని చెప్పి, “అల్లాహ్ తలచుకుంటే మిమ్మల్నందరినీ ఒకే ఉమ్మత్‌గా చేసేవాడే, కానీ మీకిచ్చిన దానిలో మిమ్మల్ని పరీక్షించదలిచాడు” అంటుంది. అంబియా 92లో మాత్రం “మీ ఈ ఉమ్మత్ ఒకే ఉమ్మత్” అని ఉంది. పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. అంబియాలో ఆ వాక్యానికి ముందు మూసా, హారూన్, ఇబ్రాహీమ్, లూత్, నూహ్, దావూద్, సులైమాన్, అయ్యూబ్, యూనుస్, జకరియ్యా, చివరికి మర్యమ్, ఆమె కుమారుడు, ఇలా వరస కట్టి వస్తారు. అక్కడ ‘ఒకే ఉమ్మత్’ అంటే వాళ్ళంతా నడిచిన దీన్ ఒకటేనని ప్రవక్త (స) సహచరుడు ఇబ్నె అబ్బాస్ నుంచి తఫ్సీరుల్లో ఉంది. ప్రవక్తల మూలం ఒకటి, ఆచరణ విధానాలు వేరు. రెండు ఆయతులూ ఒకచోట కూర్చుంటాయి.

సరే, మదీనా. హిజ్రత్ (మక్కా నుంచి వలస) తరవాత ప్రవక్త (స) యస్రిబ్‌లోని (మదీనా పాత పేరు) వర్గాల మధ్య రాయించిన ఒడంబడిక పాఠం ఇబ్నె ఇస్‌హాఖ్ సీరాలోనూ (ప్రవక్త జీవితచరిత్రలోనూ), అబూ ఉబైద్ కితాబుల్ అమ్వాల్‌లోనూ మిగిలింది. దీన్ని ఆధునిక కాలంలో లోకం ముందు గట్టిగా పెట్టినవారిలో మన హైదరాబాదువాడు ఉన్నారని చాలామందికి తెలియదు. ముహమ్మద్ హమీదుల్లా, 1908లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు చేసి, తిరిగి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు. ఇది ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగమని ఆయన వాదించారు. అంతకుముందు జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ 47 క్లాజులుగా విడదీసిన పాఠాన్ని ఆయన 52గా లెక్కపెట్టారు. 1948 తరవాత ఆయన హైదరాబాదుకు తిరిగి రాలేదు. పారిస్‌లో దశాబ్దాల పాటు ఒంటరిగా, అతి సాదాగా బతికి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. మన ఊళ్ళ మదరసాల్లో ఆయన పేరు ఇంకా ఎక్కువ వినపడాలని నా కోరిక.

‘రాజ్యాంగం’ అనే మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఆ పత్రంలో ఎక్కువ భాగం నెత్తుటి పరిహారం ఎవరు కట్టాలి, బందీలను ఎవరు విడిపించుకోవాలి, యుద్ధం వస్తే ఖర్చు ఎవరిది అనే గోత్రాల లెక్కలే. ఒడంబడిక అంటే సరిపోతుంది. కానీ అందులో రెండు వాక్యాలు మన ప్రశ్నకు ప్రాణం. మొదట్లో ఖురైష్, యస్రిబ్ విశ్వాసులూ ముస్లింలూ, వాళ్ళను అనుసరించి వాళ్ళతో కలిసి పోరాడేవాళ్ళూ “మిగతా జనం నుంచి వేరుగా ఒకే ఉమ్మత్” అని ఉంది. తరవాత “బనూ ఔఫ్ యూదులు విశ్వాసులతో పాటు ఒక ఉమ్మత్. యూదులకు వాళ్ళ దీన్, ముస్లింలకు వాళ్ళ దీన్” అని ఉంది. అదే హక్కు ఇంకా కొన్ని గోత్రాల యూదులకు పేరుపేరునా ఇచ్చారు.

ఇక్కడ ఒక చిన్న అక్షరం దగ్గర ఆగాలి. ఇబ్నె ఇస్‌హాఖ్ పాఠంలో ‘మఅ’ ఉంది, విశ్వాసులతో పాటు అని. అబూ ఉబైద్ పాఠంలో ‘మిన్’ ఉంది, విశ్వాసుల్లోంచి అని. ‘తో పాటు’ అయితే పక్కపక్కన నిలిచిన రెండు ఉమ్మత్‌లని కూడా చదవవచ్చు. ‘లోంచి’ అయితే ఒకటే ఉమ్మత్‌లోని భాగం అవుతుంది. ఆ అక్షరాలను ఉమ్మత్ అని కాక ‘అమాన్’ ధాతువుతో, భద్రత పొందినవాళ్ళు అని చదవాలని ఇజ్రాయెల్ పండితుడు మైకేల్ లెకర్ 2004లో వాదించారు. నాకది అంత బలంగా కనిపించదు, అయినా వాదన ఉందని మీకు తెలియాలి. ఇంకో సంగతి: మదీనాలో పెద్ద యూదు తెగలైన ఖైనుఖా, నజీర్, ఖురైజాల పేర్లు ఆ పత్రంలో విడిగా లేవు. ఆ తెగలతో సంబంధం ఎలా ముగిసిందో సీరా చదివినవాళ్ళకు తెలుసు. మొదటి రెండు తెగల్నీ నగరం నుంచి పంపేశారు, 627లో ఖురైజా పురుషులకు మరణశిక్ష అమలైంది. ఈ భాగం దాచి ఒడంబడిక ఒక్కటే చూపడం నిజాయితీ కాదు. మీ రెండో మిత్రుడు చెప్పింది సగమే అన్నది ఇందుకే. యూదులను ఉమ్మత్‌తో కలిపి చెప్పిన మాట నిజం. అది ఒక నగరంలో, కొన్ని గోత్రాలతో, కొన్ని షరతుల మీద జరిగింది.

అమెరికన్ చరిత్రకారుడు ఫ్రెడ్ డానర్ 2010లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ప్రవక్త (స) కూడగట్టింది మొదట ‘మూమిన్’ల ఉద్యమం, ఒకే దేవుణ్ణీ అంతిమ దినాన్నీ నమ్మి నిష్ఠగా బతికే యూదులూ క్రైస్తవులూ అందులో భాగమే, ‘ముస్లిం’ అనేది విడి మతం పేరుగా గట్టిపడింది అబ్దుల్ మలిక్ ఖిలాఫత్ కాలంలో, అంటే 7వ శతాబ్దం చివర్లో అని ఆయన వాదన. ఖలీఫాలను ‘అమీరుల్ మూమినీన్’ అన్నారే గాని ‘అమీరుల్ ముస్లిమీన్’ అనలేదని గుర్తుచేస్తారు. ఆలి ఇమ్రాన్ 113లో గ్రంథప్రజల్లో రాత్రిళ్ళు ఆయతులు చదువుతూ సజ్దా చేసే “నిలకడగల ఉమ్మత్” ఉందన్న మాట ఆ వాదానికి అండగా కనిపిస్తుంది. మన ముఫస్సిర్లలో (తఫ్సీరు రాసినవాళ్ళలో) ఎక్కువమంది ఆ ఆయతు అబ్దుల్లా బిన్ సలామ్ లాగా ఇస్లాం స్వీకరించిన యూదుల గురించి అన్నారు. నా అభిప్రాయం అడిగితే, డానర్ ప్రశ్న మంచిది, జవాబు మరీ విశాలం. గ్రంథప్రజలను కొత్త వహీని నమ్మమని పిలిచే ఆయతులూ, వాళ్ళ నమ్మకాలతో గట్టిగా వాదించే ఆయతులూ ఖుర్ఆన్‌లో తక్కువేం లేవు. వాటిని పక్కకు నెడితే గాని ఆయన చిత్రం పూర్తికాదు.

ఇక మన దేశంలో ఈ మాట మీద జరిగిన అసలైన గొడవ గురించి. మీ బోర్డు మీది ‘జాతి’కి దీనితో నేరుగా సంబంధం ఉంది. 1921లో ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో మౌలానా ఆజాద్ ఆగ్రాలో మాట్లాడుతూ, మదీనా ఒడంబడికలోని ‘ఒకే ఉమ్మత్’ అన్న మాటను హిందూ ముస్లిం ఐక్యతకు ఆధారంగా చూపించారు. 1938లో దేవ్‌బంద్ పెద్ద మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ ఢిల్లీ సభలో, ఈ రోజుల్లో ‘ఖౌమ్’లు (జాతులు) ఏర్పడేది వతన్‌ను (స్వదేశాన్ని) బట్టి అన్నారు. పత్రికల్లో అది ‘మిల్లత్’ వతన్‌ను బట్టి ఏర్పడుతుందన్నట్టు పాకింది. అప్పటికే మంచం పట్టిన ఇక్బాల్ ఫార్సీలో ఘాటుగా పద్యం రాశారు. మదనీ జవాబిచ్చారు: నేనన్నది ఖౌమ్, మిల్లత్ కాదు, అరబ్బీలో రెంటికీ తేడా ఉంది. ప్రవక్తలు తమను నమ్మని జనాన్ని కూడా “ఓ నా ఖౌమ్” అనే పిలిచారు. మిల్లత్ అంటే దీన్, మార్గం. సంగతి తెలిశాక ఇక్బాల్ తన ఆక్షేపణను ఉపసంహరించుకుంటూ ప్రకటన ఇచ్చారు, మరి కొన్ని వారాలకే ఏప్రిల్‌లో చనిపోయారు. మదనీ అదే ఏడాది సమష్టి జాతీయత మీద పుస్తకం రాసి, అందులో మళ్ళీ మదీనా ఒడంబడికనే ముందు పెట్టారు.

ఇప్పుడు ఈ గొడవను తెలుగులో చెప్పి చూడండి. ఖౌమ్‌కు ‘జాతి’ అంటాం, మిల్లత్‌కు ‘జాతి’ అంటాం, ఉమ్మత్‌కూ ‘జాతి’ అంటే ఇద్దరు మహానుభావులు దేని గురించి వాదించుకున్నారో చదివేవాడికి అర్థమే కాదు. మూడింటికీ ఒకటే మాట వాడితే మనమే ఆ తేడాను చెరిపేసినట్టు. ఇతర భాషలవాళ్ళు ఉమ్మత్‌ను తమకు తోచినట్టు మలుచుకున్నారు. ఇండొనేసియాలో ‘ఉమత్ క్రిస్తెన్’, ‘ఉమత్ హిందూ’ అని ఏ మతంవాళ్ళకైనా అంటారు. అరబ్బీలో ఐక్యరాజ్య సమితి పేరు ‘అల్ ఉమమ్ అల్ ముత్తహిదా’. ఉర్దూ, దాని వెంట మన దక్కనీ, ముస్లింలకే పరిమితం చేశాయి. మనకు ఆ ఇరుకు అర్థం సహజంగా అనిపించేది అందుకే.

ఈ మాట నాకు ఎందుకింత దగ్గరిదో కూడా చెప్పాలి. మేము దూదేకులవాళ్ళం. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. ఇంట్లో తెలుగే. నమాజులో చదివే సూరాలు తప్ప ఆయనకు అరబ్బీ రాదు, ఉర్దూ అంతంతమాత్రం. పీర్ల పండక్కి అగ్గిగుండం దగ్గర ఊరంతా ఉండేది, మా వాళ్ళూ ఉండేవాళ్ళు. నాకు పదేళ్ళప్పుడు బయటి ఊరి నుంచి ఒక వక్త వచ్చాడు. మసీదులో మా వాళ్ళ పేర్లు అడిగి, భాష విని, “మీరిలా ఉంటే ఉమ్మత్‌లో ఉన్నవాళ్ళని ఎలా అంటారు?” అన్నాడు. తాత ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చి విల్లు గోడకు ఆనించి, చాలాసేపు దాని తీగ సరిచేసుకుంటూ కూర్చున్నాడు. పీర్ల పండగ మీద ఆ వక్తకు అభ్యంతరాలు ఉండవచ్చు, వాటిలో కొన్ని నాకూ ఉన్నాయి, వాటిని దలీల్‌తో (ఆధారంతో) చెప్పాలి. కానీ ఆయన కొలిచింది పేరునూ భాషనూ. అంటే జాతిని. ఎండలో బండిబాట పక్కన తుండుగుడ్డ పరిచి ఖిబ్లా వైపు నిలబడే మనిషిని ఆ కొలబద్దతో కొలిచాడు. అరబ్బీ నేర్చుకుని నహ్ల్ 120 మొదటిసారి అర్థంతో చదివిన రోజున నాకు గుర్తొచ్చింది మా తాతే.

అందుకని మీ బోర్డు విషయంలో నా సలహా ఇది. ఖుత్బాలోనూ దుఆలోనూ ‘ఉమ్మత్’ వస్తే తెలుగు చేయకండి, ఉమ్మత్ అనే రాయండి. తెలుగు ముస్లింలకు ఆ మాట పరాయిది కాదు. మరీ తెలుగు మాట కావాలంటే ‘సమాజం’ వాడండి. ఆలి ఇమ్రాన్ 110కీ బఖరా 143కీ అది అతుకుతుంది. ఆయతు అనువాదం రాసేటప్పుడు మాత్రం సందర్భాన్ని బట్టి మార్చాలి. మద్యన్ బావి దగ్గర ‘జనం గుంపు’. యూసుఫ్ సూరాలో ‘కొంతకాలానికి’. జుఖ్రుఫ్‌లో ‘బాట’. అన్ఆమ్‌లో ‘మీలాంటి సముదాయాలే’. అంబియా 92లో ‘మీ ఈ సమాజం ఒకే సమాజం’ అని రాసి పక్కన ‘మార్గం’ అని చేర్చండి. ఇబ్రాహీమ్ ఆయతులో ఉమ్మత్‌ను అలాగే ఉంచి కింద ఒక వాక్యంలో ఇబ్నె మస్ఊద్ మాట రాయండి. కొందరు ‘నాయకుడు’ అంటారు. తప్పు కాదు, కానీ చదివేవాడికి ఆ మాటలోని ఆశ్చర్యం పోతుంది. ‘జాతి’ని ఖౌమ్ కోసం అట్టిపెట్టండి.

హజ్ 67 మీ ఖుత్బాలో వచ్చినప్పుడు ‘మన్‌సక్’ దగ్గర చిక్కుకుంటారు, అందరం చిక్కుకున్నాం. ‘ఆరాధనా విధానం’ అని రాస్తే చట్టం పుస్తకంలో మాటలా ఉంటుంది. నేను ‘కొలిచే తీరు’ అని చెప్పేవాణ్ణి, పిల్లలకు చప్పున అందేది. మీకు అంతకన్నా మంచి మాట దొరికితే రాయండి, నా పాత నోటుబుక్కులో దిద్దుకుంటాను.